ఉపాధ్యాయులు టీకాకు వెనకాడారా: ఎప్పుడు, ఎవరి కోసం, ఎందుకు

కోవిడ్ కాలంలో తెలుగు రాష్ట్రాల బడి ఉపాధ్యాయులు టీకా పట్ల ఎటువంటి వైఖరి చూపారు, పదిమందికి చదువు చెప్పేవారిలోనే సంకోచం ఎందుకు కనిపించింది, ఎం.ఎడ్. పరిశోధన కోసం ఆ వైఖరిని ప్రశ్నావళితో కొలవాలంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని మీరు అడిగారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వైద్యాధికారిగా చాలాకాలం పనిచేసి, బడుల్లో జరిగిన పల్స్ పోలియో నుంచి కోవిడ్ దాకా అనేక టీకా కార్యక్రమాలను దగ్గరుండి నడిపిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

మీ ప్రశ్నలోనే ఒక ముడి ఉంది, ముందు దాన్ని విప్పాలి. ‘టీకా పట్ల ఉపాధ్యాయుల వైఖరి’ అన్నప్పుడు మనం మూడు వేరు వేరు విషయాలను ఒకే మూటగా కట్టేస్తున్నాం. తాను వేయించుకోవడం ఒకటి, తన ఇంట్లోవారికి వేయించడం రెండోది, తన బడి పిల్లలకు వేయించమని వాళ్ళ తల్లిదండ్రులకు చెప్పడం మూడోది. మొదటిదానికి అందరికంటే ముందు వచ్చి వరుసలో నిలబడ్డ మనిషే మూడోదాని దగ్గర నోరు మెదపకుండా ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. దీన్ని ద్వంద్వ వైఖరి అనుకుంటే పొరపాటే. తన చేయి తనది, పరాయి పిల్లవాడి చేయి తనది కాదు. ఈ తేడాను లెక్కలోకి తీసుకోని సర్వే ఏదైనా ‘ఇంత శాతం మంది అనుకూలం’ అని ఒక అంకె ఇస్తుంది గాని, ఆ అంకె దేని గురించో చెప్పదు.

రెండో ముడి కాలానిది. మన దేశంలో టీకా కార్యక్రమం 2021 జనవరి 16న మొదలైంది. మొదట వైద్య సిబ్బందికి, ఫిబ్రవరి 2 నుంచి పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు వంటి ముందువరుస సిబ్బందికి, మార్చి 1 నుంచి అరవై ఏళ్ళు దాటినవారికి, అలాగే దీర్ఘవ్యాధులున్న నలభై అయిదు దాటినవారికి, ఏప్రిల్ 1 నుంచి నలభై అయిదు దాటిన అందరికీ, మే 1 నుంచి పద్దెనిమిది దాటినవారికి అవకాశం ఇచ్చారు. ఈ వరుసలో ‘ఉపాధ్యాయుడు’ అన్న మాట ఎక్కడా లేదని గమనించండి. కాబట్టి 2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉపాధ్యాయులను ‘మీరు టీకా వేయించుకుంటారా’ అని అడిగినవారు నిజానికి అడిగింది, తమకు ఇంకా ఎవరూ ఇవ్వజూపని వస్తువు గురించి. అప్పటి జవాబును సంకోచం అనడం కంటే ఊహ అనడమే సబబు.

ఆ తొలి నెలల అనుమానాలను అజ్ఞానం కింద కొట్టేయడానికి నేను ఒప్పుకోను. 2021 జనవరి 3న కోవిషీల్డ్‌కూ, కోవాగ్జిన్‌కూ అత్యవసర వినియోగ అనుమతి వచ్చినప్పుడు కోవాగ్జిన్ మూడో దశ ప్రయోగాల ఫలితాలు ఇంకా వెలువడలేదు. దాన్ని ‘క్లినికల్ ట్రయల్ పద్ధతి’లో ఇస్తున్నామని చెప్పి, వేయించుకునేవారి చేత విడిగా అంగీకార పత్రం మీద సంతకం తీసుకున్నారు. హైదరాబాద్ పక్కనే, జీనోమ్ వ్యాలీలో తయారైన టీకా కదా అని మన వాళ్ళకు కొంత అభిమానం ఉన్న మాట నిజమే గాని, ఆ పత్రం చూసిన సైన్స్ మాస్టారు ‘ప్రయోగం పూర్తికాకుండా మా మీద ఎందుకు’ అని అడిగితే అది మంచి ప్రశ్నే. ఆ ప్రశ్నను దేశంలోని పేరున్న శాస్త్రవేత్తలు కూడా అడిగారు. 81 శాతం సామర్థ్యం ఉందన్న మధ్యంతర ఫలితం మార్చి 3న, 77.8 శాతమన్న తుది ఫలితం జులైలో వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర జాబితాలో చేరేసరికి నవంబరు 3 అయింది. ఫిబ్రవరిలో అనుమానించి జూన్‌లో వేయించుకున్న ఉపాధ్యాయుడి మనసు చంచలమైనదని అనుకోనక్కరలేదు, ఈ మధ్యలో అతని చేతికి ఆధారాలు అందాయి.

ఇంకొక సంగతి. ఆ వారాల్లో ఉపాధ్యాయులు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న సామర్థ్యం శాతాల గురించి కాదు. ‘మా ఊరి ఏఎన్‌ఎం (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) వేయించుకుందా, మీరు వేయించుకున్నారా’ అని అడిగేవారు. తొలి రోజుల్లో ఆరోగ్య సిబ్బందిలోనే అనుకున్నంతమంది ముందుకు రాలేదన్నది దాచలేని నిజం. పల్లె బడిలో పనిచేసే మనిషికి ఆరోగ్యశాఖ అంటే ఢిల్లీలో విడుదలయ్యే ప్రకటన కాదు, బడికి ఐరన్ మాత్రలు తెచ్చిచ్చే ఏఎన్‌ఎం. ఆమె ముఖంలో వెనుకంజ కనిపిస్తే ఎన్ని పోస్టర్లు అతికించినా పనిచేయవు.

ఇక రెండో అల. దాన్ని వివరంగా చూడకపోతే ఉపాధ్యాయుల వైఖరి అర్థం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2 నుంచి తొమ్మిది, పది తరగతులు నడిచాయి. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న పై తరగతులు తెరిచి మార్చి 24న మళ్ళీ మూసేశారు. అదే సమయంలో ఆంధ్రప్రదేశ్‌లో ఫిబ్రవరిలో పంచాయతీ, మార్చిలో పురపాలక, ఏప్రిల్ 8న మండల, జిల్లా పరిషత్ ఎన్నికలు, తెలంగాణలో మార్చిలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు, ఏప్రిల్ 17న నాగార్జునసాగర్, తిరుపతి ఉపఎన్నికలు జరిగాయి. పోలింగ్ సామగ్రి మోసుకుని బస్సులెక్కినవారిలో, వేలికి సిరా పూసినవారిలో ఎక్కువమంది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. ఉత్తరప్రదేశ్ పంచాయతీ ఎన్నికల విధుల తరువాత 1,621 మంది ఉపాధ్యాయులు, సిబ్బంది చనిపోయారని అక్కడి ప్రాథమిక ఉపాధ్యాయ సంఘం జాబితా ప్రకటించగా, ప్రభుత్వం మొదట ముగ్గురినే లెక్కలోకి తీసుకుంది. ఆ వార్త ఇక్కడి సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినన్ని రోజులు మరే వార్తా తిరగలేదు.

‘డ్యూటీకి మేం ముందు వరుస, టీకాకు వెనక వరుసా?’ అన్న మాట నేను ఆ ఏప్రిల్‌లో ఎన్ని నోళ్ళ విన్నానో చెప్పలేను. ఇందులో టీకా మీద వ్యతిరేకత లేదు, టీకా ఇచ్చే వ్యవస్థ మీద కోపం ఉంది. సర్వేలో ‘ప్రభుత్వ టీకా విధానం మీద మీకు నమ్మకం ఉందా’ అని అడిగితే ఈ మనిషి ‘లేదు’ అనే రాస్తాడు. దాన్ని చూసిన పరిశోధకుడు అతణ్ణి సంకోచించేవారి గడిలో వేస్తాడు. ఆ మనిషి మాత్రం అదే రోజు ఉదయం నాలుగింటికి లేచి పట్టణ ఆరోగ్య కేంద్రం ముందు టోకెన్ కోసం నిలబడి ఉంటాడు.

మే నెలలో కాగితం మీద పద్దెనిమిది దాటిన ప్రతివారికీ హక్కు వచ్చింది గాని నిల్వలు లేవు. రెండో డోసుకు ఎదురుచూసేవారికే సరిపోక, చాలాచోట్ల మొదటి డోసు ఆపవలసి వచ్చింది. టీకా నమోదు వెబ్‌సైట్ కోవిన్‌లో స్లాట్ దొరకడమన్నది వేళ్ళ వేగానికీ ఫోన్ సిగ్నల్‌కూ పరీక్షగా మారింది. ఆ స్థితిలో మే 13న కోవిషీల్డ్ డోసుల మధ్య వ్యవధిని 12–16 వారాలకు పెంచారు. అంతకు ముందు మార్చిలోనే నాలుగు నుంచి ఆరు వారాలన్నదాన్ని ఆరు నుంచి ఎనిమిదికి మార్చి ఉన్నారు. వ్యవధి పెరిగితే రక్షణ మెరుగవుతుందనడానికి బ్రిటన్ అధ్యయనాల ఆధారం ఉంది, ఆ నిర్ణయం శాస్త్రీయంగా తప్పు కాదు. అయితే కొరత ఉన్న వారంలోనే అది వచ్చింది కాబట్టి, సరుకు లేక ఇలా చెబుతున్నారని జనం అనుకున్నారు. ‘నిన్న ఆరు వారాలే సరైనవైతే ఇవాళ పన్నెండెలా సరైనవి’ అని ఒక లెక్కల మాస్టారు అడిగినప్పుడు, కారణాలను ముందుగా వివరించని మా శాఖ తరఫున జవాబు చెప్పడం నాకు సులువు కాలేదు.

మహిళా ఉపాధ్యాయుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలా లెక్కల్లో వాళ్ళకు అన్యాయం జరిగింది. ప్రాథమిక పాఠశాలల్లో సెకండరీ గ్రేడ్ టీచర్లుగా (ఎస్‌జీటీలుగా) పనిచేసే యువతులలో గర్భిణులూ, చంటిపిల్లల తల్లులూ ఎందరో ఉంటారు. పాలిచ్చే తల్లులకు 2021 మే 19న, గర్భిణులకు జులై 2న గాని కేంద్రం అనుమతి ఇవ్వలేదు. కోవిడ్ వచ్చి తగ్గినవారు మూడు నెలలు ఆగాలని కూడా మే 19నే చెప్పారు. అంటే జూన్ మొదట్లో మండల విద్యాధికారి కార్యాలయం ‘వేయించుకోనివారి జాబితా’ అడిగినప్పుడు అందులో చేరిన పేర్లు కొన్ని, ప్రభుత్వమే ఆగమన్నందుకు ఆగినవారివి. జాబితాలో కారణం రాయడానికి గడి లేదు. అలా వాళ్ళందరూ కాగితం మీద ‘నిరాకరించినవారు’ అయిపోయారు.

ఏప్రిల్‌లో మరో పుకారు వచ్చింది. నెలసరికి అయిదు రోజుల ముందూ, తరువాతా టీకా వేయించుకోరాదని ఒక సందేశం దేశమంతా తిరిగింది. అది నిజం కాదని ప్రభుత్వం వెంటనే ఖండించింది, ఆ ఖండన సరైనదే. అయితే శిబిరాల్లో కొందరు టీచరమ్మలు అడిగింది వేరు. ‘టీకా తరువాత నాకు నెలసరి ఆలస్యమైంది, దీనివల్లనేనా?’ అని వాళ్ళు ఏఎన్‌ఎంను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగేవారు. మా వాళ్ళు దీన్ని కూడా అదే పుకారు ఖాతాలో వేసి ‘అదంతా అబద్ధం’ అనేసేవారు. 2022 జనవరిలో వెలువడిన అమెరికా అధ్యయనం, టీకా తరువాత నెలసరి సగటున ఒక రోజు కన్నా తక్కువ మేరకు ఆలస్యం కావచ్చుననీ, అది తాత్కాలికమేననీ చూపించింది. ప్రమాదం ఏమీ లేదు, నిజమే. కానీ తన ఒంట్లో జరిగినదాన్ని అబద్ధం అనిపించుకున్న మనిషి తరువాత మనం చెప్పే నిజాలను కూడా నమ్మడం మానేస్తుంది. ‘కొందరికి కొద్దిగా ఆలస్యం కావచ్చు, మళ్ళీ సర్దుకుంటుంది’ అని ఉంటే సరిపోయేది.

ఇక శిబిరంలో జరిగే ఒక చిన్న విషయం చెబుతాను. కోవిషీల్డ్ సీసాలో పది డోసులుండేవి, మూత తీసిన నాలుగు గంటల్లోపు వాడకపోతే పారేయాల్సి వచ్చేది. వృథా లెక్క రోజూ పైకి పంపాలి కాబట్టి పదిమంది పోగయ్యేదాకా ఏఎన్‌ఎం సీసా తెరిచేది కాదు. ఒక పాఠశాల సముదాయంలో ఉదయం ఆరుగురు ఉపాధ్యాయులు వచ్చి వరండాలో బెంచీల మీద కూర్చున్నారు. మిగతా నలుగురి కోసం ఫోన్లు చేస్తున్నాం. ఈలోగా ఒకాయన, టీకా వేయించుకున్న రెండు రోజులకే తమిళ నటుడు వివేక్ చనిపోయిన వార్త ఎత్తాడు. మరొకామె తన బావగారికి మూడు రోజులు జ్వరం వచ్చిన కథ చెప్పింది. ఇంకొకరు కృష్ణపట్నం ఆనందయ్య మందు గురించి మొదలుపెట్టారు. పదకొండు గంటలకు ఇద్దరు ‘మళ్ళీ వస్తాం సార్’ అని లేచిపోయారు, ఆరుగురు నలుగురయ్యారు. ఆ ఇద్దరూ ఇంటి దగ్గర నిశ్చయించుకునే వచ్చారు, వాళ్ళకు ఆ భయం మా వరండాలో పట్టుకుంది. మేము అరగంటలో పని ముగించి ఉంటే అది పుట్టేదే కాదు. తరువాత మేము ముందుగా పేర్లు తీసుకుని, పది మందికి ఒకే సమయం ఇచ్చి పిలిచాం. అంతకు మించి చేసిన ప్రచారమేమీ లేదు గాని వచ్చినవారు వచ్చినట్టు వేయించుకుని వెళ్ళారు. (వివేక్ మరణానికి టీకాతో సంబంధం లేదని టీకా దుష్ప్రభావాలను పరిశీలించే జాతీయ కమిటీ అదే ఏడాది అక్టోబరులో తేల్చింది. అప్పటికి ఆ వార్త చేయవలసిన పని చేసేసింది.)

ప్రజారోగ్యంలో టీకా సంకోచాన్ని మూడు కారణాలుగా చూడటం అలవాటు. టీకా మీదా ఇచ్చేవారి మీదా నమ్మకం లేకపోవడం, జబ్బు మనకు రాదులే అన్న ధీమా, టీకా అందుబాటులో లేకపోవడం. పుస్తకంలో ఇవి మూడు వేరు వేరు గడులు. మా వరండాలో మూడోది మొదటిదానికి తల్లి అయింది. మీ పరిశోధనలో ఈ సంబంధాన్ని పట్టుకోగలిగితే అది కొత్త విషయమే అవుతుంది.

ప్రైవేటు బడుల ఉపాధ్యాయులను మరిచిపోకండి. బడులు మూతపడిన నెలల్లో జీతాలు ఆగి, కూరగాయల బండ్లు పెట్టుకున్నవారూ, ఉపాధి హామీ పనులకు వెళ్ళినవారూ వాళ్ళలో ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి వారికి నెలకు రెండు వేల రూపాయలు, ఇరవై అయిదు కిలోల బియ్యం ఇవ్వవలసి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ప్రైవేటు ఆసుపత్రిలో కోవిషీల్డ్ గరిష్ఠ ధర జూన్‌లో 780 రూపాయలు, కోవాగ్జిన్‌ది 1,410. రెండు వేలు చేతికొచ్చే మనిషి అక్కడికి పోలేడు. ప్రభుత్వ శిబిరంలో వేయించుకుంటే మర్నాడు జ్వరం వచ్చి ఆ రోజు కూలి పోతుంది. అతను ‘వచ్చే వారం చూద్దాం’ అన్నది టీకాకు భయపడి కాదు. కానీ మనం చదివే సర్వేల్లో ఈ వర్గం దాదాపు కనిపించదు, ఎందుకంటే ఆ సర్వేలు ప్రభుత్వ ఉపాధ్యాయుల సంఘాల గ్రూపుల్లో గూగుల్ ఫారంగా తిరిగినవి.

2021 ఆగస్టుకు వచ్చేసరికి పరిస్థితి మారింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 16న, తెలంగాణలో సెప్టెంబరు 1న బడులు తెరిచారు. సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవంలోపు దేశంలోని ఉపాధ్యాయులందరికీ వేయాలని కేంద్రం రాష్ట్రాలకు రెండు కోట్లకు పైగా అదనపు డోసులు కేటాయించింది. నేను చూసిన మండలాల్లో అప్పటికే చాలామంది వేయించుకుని ఉన్నారు. మిగిలినవారిని బడి దగ్గరే వేస్తామంటే కాదన్నవారు తక్కువ. రెండో అలలో సహోద్యోగిని పోగొట్టుకోని స్టాఫ్ రూమ్ అరుదు. ఆ నష్టం చేసిన మార్పు మా అవగాహన సదస్సులు చేయలేదని ఒప్పుకోవాలి.

అప్పటికీ ఆగినవారిలో నేను ఎక్కువగా చూసింది బీపీ, షుగరు, గుండెలో స్టెంటు ఉన్న యాభై దాటినవారిని. వాళ్ళ భయం రక్తం గడ్డల వార్తతో మొదలైంది. ఆ వార్త అబద్ధం కాదు. కోవిషీల్డ్ రకం టీకాతో అరుదుగా గడ్డలు కట్టే సమస్య ఉందని యూరప్ గుర్తించింది, మన జాతీయ కమిటీ 2021 మే నెలలో పరిశీలించిన 498 తీవ్ర సంఘటనల్లో 26 అటువంటివి కావచ్చునని చెప్పింది. అది పది లక్షల డోసులకు 0.61 లెక్క. ‘అలాంటిదేమీ లేదు’ అన్న డాక్టరు మాట విని ఎవరూ ధైర్యం తెచ్చుకోలేదు. ఈ అంకెనే నల్లబల్ల మీద రాసి, గడ్డ కడితే కనిపించే లక్షణాలు ఇవీ, కనిపిస్తే ఎక్కడికి రావాలో ఇదీ, మీ స్టెంటుకూ దీనికీ ఉన్న తేడా ఇదీ అని చెప్పినప్పుడు మాత్రం చాలామంది చొక్కా చేయి పైకి మడిచారు. ఉపాధ్యాయులతో మాట్లాడటంలో ఉన్న సౌకర్యం ఇదే, వాళ్ళకు భిన్నాలూ దశాంశాలూ మనం నేర్పనక్కరలేదు.

బలవంతం పనిచేసిందా అని మీరు నేరుగా అడగలేదు గాని, పరిశోధనలో ఆ ప్రశ్న తప్పించుకోలేరు. మన దగ్గర చట్టం ప్రకారం టీకా స్వచ్ఛందమే. అయినా ‘సర్టిఫికెట్ చూపనిదే హాజరు వేయం, జీతం బిల్లు పంపం’ అన్న మాటలు చాలా కార్యాలయాల్లో నోటిమాటగానైనా వినిపించాయి. బలవంతపు టీకా ప్రాథమిక హక్కులకు విరుద్ధమని మేఘాలయ హైకోర్టు 2021 జూన్‌లో చెప్పింది. ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకొమ్మనలేరని సుప్రీంకోర్టు 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో తీర్పు చెప్పింది. న్యూయార్క్ నగరం దీనికి భిన్నమైన దారి పట్టి, 2021 అక్టోబరు నుంచి బడి సిబ్బందికి టీకా తప్పనిసరి చేసింది. అక్కడి ఉపాధ్యాయుల జాతీయ సంఘాలు ఆగస్టులోనే తప్పనిసరి నిబంధనల వైపు మొగ్గాయి. కోర్టులు చెప్పిన హక్కుల వాదనను పక్కన పెట్టినా, నా అభ్యంతరం ఆచరణకు సంబంధించినది. జీతం ఆపుతామంటే సర్టిఫికెట్ వస్తుంది. కానీ అలా వేయించుకున్న ఉపాధ్యాయుడు తన ఊరి తల్లిదండ్రుల ముందు టీకా గురించి ఒక్క మంచి మాట చెప్పడు. మనకు అతని చేయి కన్నా ఎక్కువగా కావలసింది అతని మాట.

ఆ మాట దగ్గరికే వస్తున్నాను, ఎందుకంటే మొదట చెప్పిన మూడు విషయాల్లో అన్నిటికంటే తక్కువగా అధ్యయనం జరిగింది దీని మీదే. తన విద్యార్థులకు టీకా వేయించడానికి ఉపాధ్యాయుడు ఎందుకు వెనకాడతాడు? మన తెలుగు నేల మీద దీనికి ఒక చరిత్ర ఉంది. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలు సుమారు పద్నాలుగు వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ఆ ప్రాజెక్టులో చాలామంది బాలికలు గిరిజన హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు. కొందరు బాలికలు మరణించారన్న వార్తలు, మహిళా సంఘాల నిరసనల నడుమ 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. మరణాలు టీకా వల్ల సంభవించినవని విచారణ సంఘం తేల్చలేదు, వాటిలో పాము కాటు, నీట మునగడం, పురుగుమందు వంటి కారణాలు బయటపడ్డాయి. అయితే అంగీకార పత్రాలను పరిశీలించినప్పుడు మరొక సంగతి తెలిసింది. చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ పద్ధతిని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ వార్డెన్లలో చాలామంది ఉపాధ్యాయులే. పై నుంచి ఫారాల కట్ట వచ్చింది, పిల్లల తల్లిదండ్రులు ఎక్కడో గూడేల్లో ఉన్నారు, ‘మీరే సంతకం పెట్టండి’ అన్నారు, పెట్టారు. గొడవైనప్పుడు ఫారాలు పంపినవారి పేర్లు ఎవరికీ గుర్తులేవు, సంతకం పెట్టినవారి పేర్లు మాత్రం కాగితం మీద ఉన్నాయి. హెచ్‌పీవీ టీకా మంచిదని నేను గట్టిగా నమ్ముతాను, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేస్తున్నది. కానీ ఆ ప్రాంతంలో పనిచేసిన ఉపాధ్యాయుడు ఆ తరువాత ఏ టీకా ఫారం చూసినా పెన్ను పక్కన పెట్టి ముందు ఆలోచిస్తాడు, అలా ఆలోచించడం తప్పని నేను అనను.

2017 ఆగస్టులో రెండు రాష్ట్రాల్లోనూ తట్టు, రుబెల్లా టీకా కార్యక్రమం జరిగినప్పుడు ఈ భయాన్ని కళ్ళారా చూశాను. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ లోపు పిల్లలందరికీ వేయాలి, అందులో పెద్ద భాగం బడుల్లోనే. ఆరు నెలల ముందు కర్ణాటక, తమిళనాడుల్లో అదే కార్యక్రమం వాట్సాప్ పుకార్లతో చిక్కుల్లో పడి ఉంది. ప్రధానోపాధ్యాయులకు టీకా మీద అనుమానం లేదు, వాళ్ళలో చాలామంది పల్స్ పోలియో బూత్‌లు తమ బడుల్లోనే పెట్టించి, దేశంలో 2011 జనవరి తరువాత పోలియో కేసే లేకుండా పోయిన ఆ విజయంలో భాగం పంచుకున్నవారు. వాళ్ళు అడిగింది ఒక్కటే: ‘పిల్లవాడు కళ్ళు తిరిగి పడితే మీ జీపు వెళ్ళిపోయాక ఊరికి జవాబు చెప్పేది ఎవరు?’ చుక్కల మందుకూ సూదికీ ఉన్న తేడా ఇక్కడ పెద్దది. సూది చూసి ఒక పిల్ల స్పృహ తప్పితే, అది భయం వల్ల వచ్చే మామూలు మూర్ఛే అయినా, వరుసలో మరో అయిదుగురు పడిపోతారు. ఆ గంటసేపు గేటు దగ్గర నిలబడేది హెచ్‌ఎం గారే.

అదే ప్రశ్న 2022 జనవరి 3న పదిహేను నుంచి పదిహేడేళ్ళ వారికి కోవాగ్జిన్ మొదలైనప్పుడు మళ్ళీ వచ్చింది. చాలా బడులు తల్లిదండ్రుల చేత అంగీకార పత్రాలు తెప్పించుకున్నాయి. పత్రం రాని పిల్లవాణ్ణి వెనక్కి పంపిన ప్రధానోపాధ్యాయుణ్ణి లక్ష్యం పూర్తికాలేదని మందలించిన సందర్భాలూ ఉన్నాయి. నా అభిప్రాయంలో ఆయన చేసిందే సరైన పని, ఖమ్మం జిల్లా అనుభవం నుంచి పాఠం నేర్చుకున్నది మందలించినవారు కాదు, ఆయనే.

ఇక మీ ప్రశ్నావళి సంగతి. దాన్ని సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో వదలకండి, మండల విద్యాధికారి కార్యాలయం ద్వారా కూడా పంపకండి. మొదటి దారిలో ప్రైవేటు బడులు, ఫోన్ సరిగా అందని ఏజెన్సీ బడులు తప్పిపోతాయి. రెండో దారిలో అధికారికి నచ్చే జవాబులు వస్తాయి. పేరు రాయనవసరం లేని కాగితం ఫారంతో బడులను యాదృచ్ఛికంగా ఎంచుకుని మీరే వెళ్ళండి. ఇప్పుడు అడుగుతున్నారు కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడక తప్పదు, అందుకని ‘అప్పట్లో మీకు టీకా మీద నమ్మకం ఉండేదా’ అని అడగకండి. ఇప్పటి మనసుతో అప్పటిదాన్ని సరిదిద్దుకుని చెబుతారు. దానికి బదులు మొదటి డోసు తేదీ అడగండి, చాలామంది ఫోన్లో కోవిన్ సర్టిఫికెట్ ఇంకా ఉంది. ఆ తేదీని అప్పటి అర్హత తేదీతో పోల్చితే ఆలస్యం ఎంతో తెలుస్తుంది. ఆలస్యానికి కారణంగా ‘అర్హత లేదు, స్లాట్ దొరకలేదు, కోవిడ్ వచ్చి ఆగాను, గర్భవతిని, జీతం పోతుందని, అనుమానం వల్ల’ అన్న గడులను వేరువేరుగా పెట్టండి. చివరి గడిలో పడినవారే మీరు వెతుకుతున్న సంకోచం ఉన్నవారు, వాళ్ళు మీరు ఊహించినదానికంటే తక్కువగా తేలినా ఆశ్చర్యపోకండి.

విద్యార్థుల టీకా గురించిన భాగంలో ‘మీరు ప్రోత్సహిస్తారా’ అన్న ప్రశ్న వద్దు, దానికి అందరూ అవుననే రాస్తారు. ఒక సందర్భం ఇచ్చి అడగండి. ‘రేపు మీ బడిలో టీకా శిబిరం. ఒక విద్యార్థిని తల్లిదండ్రులు వలస వెళ్ళారు, ఫోన్ అందడం లేదు. అంగీకార పత్రం మీద మీరు సంతకం పెడతారా, ఆ పిల్లను ఆ రోజుకు ఆపుతారా, పై అధికారి చేత రాతపూర్వకంగా ఆదేశం తెప్పించుకుంటారా?’ జవాబుతో పాటు, ఇంతకు ముందు అటువంటి సంతకం ఎప్పుడైనా పెట్టవలసి వచ్చిందా అని కూడా అడగండి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఆశ్రమ పాఠశాలలను మీ నమూనాలో చేర్చగలిగితే, ఈ రెండు జవాబులను మైదాన ప్రాంతపు జవాబుల పక్కన పెట్టి చూడండి.